సమ్‌డోలో దించిన బుట్ట

ధారాపానీ,
కార్తీకం 21

ఐతీమాయ అక్కకి,

మా మోత కూలీల సర్దార్ రణధ్వజ్ ఘలే మన సుక్రామ్ బావని సమ్‌డో ఊళ్ళో ఒంటరిగా వదిలేసి వచ్చాడు. ముందు ఈ ముక్క రాస్తున్నాను, క్షేమ సమాచారాలు తర్వాత. ఈ పని చేసింది కొండ కాదు, చలి కాదు, బావ తలరాత అసలే కాదు. చేసినవాడికి పేరుంది, ఊరుంది, నెత్తిమీద ఎర్ర ఉన్నిటోపీ ఉంది. రేపు ఎవరైనా నీ దగ్గరికి వచ్చి కొండల్లో ఇవన్నీ మామూలే అంటే ఈ కాగితం చూపించు.

జరిగింది చెబుతాను. పదిహేడో తారీఖున సమ్‌డో చేరాం. మంచుకనుమకి ఇవతల అదే ఆఖరి ఊరు. బావకి అక్కడ కొండగాలి పట్టింది. ముఖం ఉబ్బింది, తల పగిలిపోతోందన్నాడు, తాగిన నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. మర్నాడు పొద్దున లేచి నిలబడబోయి తాగినవాడిలా పక్కకి తూలాడు. అలాంటి మనిషిని ఆ పూటే కిందికి దించాలని దారిలో టీ కాచే ముసలివాళ్ళకి కూడా తెలుసు. రణధ్వజ్ ఏం చేశాడో తెలుసా? ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క జడలబర్రెని మాట్లాడి బావ బుట్టని దాని మీదికి ఎక్కించాడు. బుట్టకి బర్రె దొరికింది, మనిషికి దొరకలేదు. బావని ఛోడెన్ అనే ముసలావిడ ఇంట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి, ఒక దుప్పటీ, రెండు రోజుల పేలపిండీ ఇచ్చి, తేరుకోగానే దిగిపో అని చెప్పి కదిలాడు. జబ్బు చేసినవాళ్ళ కోసమని కిందినుంచి తెచ్చిన గుర్రం ఒకటుంది మా బృందంలో. దాని మీద, కొండలు చూడొచ్చిన పరదేశీల్లో ఒక పిల్లికళ్ళాయన మోకాలినొప్పి సవారీ చేస్తోంది.

ఆ పిల్లికళ్ళవాళ్ళతో, తోడిచ్చి పంపేశామని అబద్ధం చెప్పాడు. నాకు వాళ్ళ భాష రాదు. కనుమ దాటి బింథాంగ్‌లో దిగాక వాళ్ళ గుడారం దగ్గరికి వెళ్ళి తల పట్టుకుని చూపించాను, నేలమీద పడుకుని చూపించాను, వెనక్కి కనుమ వైపు వేలు పెట్టి చూపించాను. ఒకావిడ జాలిగా తలూపి నా చేతిలో రెండు మాత్రలు పెట్టింది. తర్వాత నా ఫోటో తీసుకుంది.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. దీన్ని మాత్రం గర్వంగానే రాస్తున్నాను. ల్హో ఊళ్ళో ఒకతనికి విరేచనాలు పట్టుకుంటే అతన్నీ, తోడుగా అతని తమ్ముణ్ణీ కిందికి పంపి, ఆ రెండు బుట్టల బరువునీ మిగిలిన పన్నెండు మంది వీపుల మీదికి పంచేశాడు సర్దార్. ఇది దోపిడీ కాక ఇంకేమిటి? ఆ సాయంత్రం అందర్నీ ఒక గోడ పక్కన కూర్చోబెట్టి, నా పసుపు అట్టల కూలీసంఘం పుస్తకాల్లో ఉన్నదంతా నా మాటల్లో చెప్పాను. వీపు మనది, దాని మీద ఎంత మొయ్యాలో చెప్పాల్సింది మనం అన్నాను. పన్నెండు మందీ నుదుటిపట్టె తాకి ఒట్టు వేశారు: ఒకరి బుట్టలో బరువు ఇంకెప్పుడూ ఇంకొకరి బుట్టలోకి పోదు. బావ ఒక్కడే నవ్వుతూ, "నీ పుస్తకంలో కొండెక్కే పాఠం ఉందా, బామ్మర్దీ?" అన్నాడు. అన్నాడే గానీ ఒట్టు తనూ వేశాడు. సర్దార్ కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. కలిసి నిలబడితే వాళ్ళు ఎలా ఒంగుతారో ఆ రోజు కళ్ళారా చూశాను.

నువ్వు బెంగపడకు. నన్ను వెళ్ళమన్నది బావే. "నువ్వు పోరా, నేను మెల్లిగా దిగుతా" అన్నాడు. ఇక్కడ కంచరగాడిదలు దొరకడంతో బుట్టలన్నీ వాటి మీదికి పోయాయి, నేను ఖాళీ అయ్యాను. ఈ కొండ చుట్టూ దారి గుర్రపునాడాలా తిరిగి ఉంది కదా. ఒక కొసన మన ఊరు, రెండో కొసన నేను, నడుమ బావ. చుట్టూ తిరిగి మన ఊరి మీదుగా వస్తే పదిహేను రోజులు. వెనక్కి కనుమ ఎక్కితే నాలుగు. రేపు తెల్లారగానే ఎక్కుతున్నాను. మేనత్తకి మాత్రం కొడుకు సంగతి ఇప్పుడే చెప్పకు.

నీ తమ్ముడు
సంతబీర్

*

లప్సీబోట్,
కార్తీకం 29

కాంఛా,

టపా మనిషి నీ ఉత్తరం నిన్న చేలోకే తెచ్చిచ్చాడు. రాగులు కోస్తున్నా. చదివిపెట్టమని ఎవర్నీ అడగలేదు. నువ్వు నేర్పిన అక్షరాలే కదా, కూడబలుక్కుని మూడుసార్లు చదివా. సర్దార్ టోపీ ఏ రంగో రాశావు. మీ బావ ఒంటిమీద ఏ బట్టలున్నాయో రాయలేదు. గుర్రం మీద ఎవరు కూర్చున్నారో రాశావు. ఆయన లేచి కూర్చోగలుగుతున్నాడా, ఏమన్నా తిన్నాడా, ఛోడెన్ అనే ఆవిడ మంచిదేనా, ఇవేమీ లేవు. ఉపన్యాసం రాయమంటే బాగా రాస్తావురా.

ఇంకోటి. నువ్వు పోరా, నేను దిగుతా అన్నాడని రాశావు. మీ బావ నిన్ను ఏనాడన్నా 'రా' అన్నాడా? పెళ్ళికి ముందు, మేనత్త కొడుకుగా మనింట్లో పడి తిరిగిన రోజుల్లో కూడా నిన్ను పేరు పెట్టి పిలిచాడు, లేకపోతే బామ్మర్దీ అన్నాడు. ఎవరి మాటలు రాసి పంపావు నాకు?

అత్తకి చెప్పకుండా ఎలా ఉంటా? చెప్పా. ఆవిడ ఏడవలేదు. కొడవలి నా చేతిలోంచి తీసుకుని, నువ్వు వెళ్ళు, ఇది నేను చూసుకుంటానంది. డోల్మాని ఆవిడ దగ్గరే ఉంచుతున్నా. నాలుగేళ్ళ పిల్లకి ఏం చెప్పను, నాన్నకి చొక్కా ఇచ్చి వస్తానని చెప్పా. సామగావ్ వాళ్ళు ధాన్యం మార్చుకోడానికి దిగినవాళ్ళు రేపు తిరిగి పోతున్నారు, వాళ్ళ వెంట పోతున్నా. ఎనిమిది తొమ్మిది రోజులు పడుతుందట. నువ్వు అటునుంచి ముందే చేరి ఉంటే నేను వచ్చేదాకా ఆయన్ని కదపకు. ఆయనకి వెల్లుల్లి చారు కాచి పోయి.

ధారాపానీలో నువ్వు దిగిన టీ కొట్టు పేరు మీద ఇది పంపుతున్నా. నీకు అందకుండా ఉంటేనే బాగుండు. అందలేదంటే నువ్వు ఆయన దగ్గర ఉన్నట్టు.

ఐతీమాయ

*

ధారాపానీ,
మార్గశిరం 8

అక్కా,

నీ ఉత్తరం నాకు అందింది.

నేను బావ దగ్గర లేను. నీకు ఉత్తరం వేసి మళ్ళీ బింథాంగ్ చేరిన రాత్రి నుంచి మంచు మొదలైంది. నాలుగు రోజులు ఆగకుండా పడింది. ఐదో రోజు తెరిపి ఇస్తే ఎక్కాను. తొడల దాకా, తర్వాత నడుము దాకా. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిచి వెనక్కి చూస్తే నేను బయల్దేరిన పాక పొగ పిలిస్తే పలికేంత దగ్గరలో ఉంది. మళ్ళీ మర్నాడు ఎక్కాను. మూడోసారి బర్రెల కాపరులు ఇద్దరొచ్చి చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చారు. వాళ్ళని నానా మాటలూ అన్నాను. అందులో పెద్దాయన నా బూట్లు ఊడదీస్తూ, "తిట్టు నాయనా, తిట్టు. ఒళ్ళు వేడెక్కుతుంది" అన్నాడు. ఎడమ కాలి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. టీ కొట్టు ఆవిడ రోజూ ఉప్పునీళ్ళలో పెట్టిస్తోంది. కర్ర పట్టుకుంటే వాకిలి దాకా పోగలను, అంతే. ఈపాటికి నువ్వు పైకి చేరి ఉంటావు. నేను కొండకి ఇటువైపు పీట మీద కూర్చుని వేళ్ళు చూసుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి తెలిసినంత జవాబు రాస్తాను. బావ ఒంటిమీద నీలం చొక్కా, పైన నా పాత కోటు. కాళ్ళకి గుడ్డబూట్లు. సర్దార్ దగ్గర తోలుబూట్లు పన్నెండు జతలు వచ్చాయని కాగితం మీద ఉంది, మేము చూసినవి ఏడు. బావ తన వంతు జత సామగావ్ దాటాక ఇంకొకతనికి ఇచ్చేశాడు.

తలనొప్పి సమ్‌డోలో మొదలవలేదక్కా. నమ్రుంగ్‌లోనే మొదలైంది. అక్కడి దాకా మనకి అలవాటైన కొండలే. కింద ఏటి లోయలో చెమటలు కారుతూ నడిచాం, నారింజపళ్ళు కోసుకు తిన్నాం, ఫిలిమ్ ఊళ్ళో గురుంగ్ ఆడవాళ్ళు బావ పాట విని ఇంకో చెంబు కల్లు పోశారు. నమ్రుంగ్ దాటాక దేవదారు చెట్లు, రాళ్ళ ఇళ్ళు, పొద్దున లేస్తే బకెట్లో గడ్డకట్టిన నీళ్ళు. బావ పాడటం మానేశాడు. అడిగితే రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. ల్హోలో ఒట్టు వేశాక తలనొప్పి మాట అసలే ఎత్తలేదు. పొద్దున పొద్దున సర్దార్ అందర్నీ వరసలో నిలబెట్టి, "ఎవరికైనా తలనొప్పి ఉందా" అని అడుగుతాడు. బావ ముందుకొచ్చి ఉంటే తన బుట్ట ఎవరూ ఎత్తుకోరు, గొడవవుతుంది, గొడవైతే సర్దార్ ముందు పంపేసేది నన్ను. అందుకే నోరు మూసుకున్నాడని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. ఒట్టు నిలబడిందని సంబరంలో ఉన్నాను.

సమ్‌డోలో బావ బుట్టని బర్రె మీద పెట్టిందీ ఆ ఒట్టు వల్లే. దాన్ని మేము పంచుకోం కదా. ఇక బావకి తోడుగా ఒకణ్ణి పంపాలంటే ఆ మనిషి బుట్ట కూడా మిగులుతుంది. రెండో బర్రె ఊళ్ళో లేదు. వాకిట్లో అందరం నిలబడ్డాం. ఎవరూ నోరు తెరవలేదు.

'నువ్వు పోరా' అని బావ అనలేదు. నువ్వు కుదుటపడతావని నేను రాశాను.

సంతబీర్

*

సమ్‌డో,
మార్గశిరం 9

కాంఛా,

నిన్న సాయంత్రం వచ్చా. మీ బావ లేడు. కార్తీకం ఇరవై తెల్లవారుజామున పోయాడు. నువ్వు నాకు ఉత్తరం రాసేదానికి ముందురోజు. నేను నీ అక్షరాలు కూడబలుక్కుంటున్నప్పుడూ, వెల్లుల్లి ఎన్ని పాయలు తీసుకెళ్ళాలా అని చూసుకుంటున్నప్పుడూ ఆయన లేడు.

దారంతా ఆయన్ని తిడుతూ వచ్చా. జగత్ దగ్గర నది మీద తాళ్ళవంతెన ఊగుతుంటే, ఈ మనిషి కోసం దీని మీద కూడా నడవాల్సి వచ్చిందని తిట్టా. నాతో వచ్చిన సామగావ్ ఆడవాళ్ళు వెన్న వేసిన ఉప్పు టీ ఇస్తే తాగలేక, ఇది తాగే జబ్బు చేసి ఉంటుంది ఈయనకి అనుకున్నా. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వా. ఇక్కడి మాట సగం అర్థమవుతుంది, సగం కాదు. నిప్పుకి మాత్రం వాళ్ళదీ మనదీ ఒకటే మాట. ఊళ్ళోకి రాగానే ఛోడెన్ ముసలమ్మ నా ముఖం చూసి ముందు ఆ మాటే అంది. అప్పుడే తెలిసిపోయింది.

వీళ్ళు మంచివాళ్ళు. ముక్కూముఖం తెలియని మనిషికి తమ కట్టెలు పెట్టి, లామాని పిలిచి, మంచిరోజు అడిగి, నాలుగో నాడు కాల్చారు. ఇక్కడ పుల్ల దొరకడమే గగనం. ఇంటికో మోపు ఇచ్చారట. కొరివి పెట్టినవాడు ఛోడెన్ అల్లుడు. ఎముక పొడి మట్టిలో కలిపి చిన్న గోపురంలా పోతపోసి నా కోసం దాచి ఉంచారు. ఎవరో ఒకరు వస్తారని దాచారట.

ఇప్పుడు నీకు చెప్పనిది ఒకటి చెప్పాలి. మీ బావ పని కోసం రాలేదు. ఆయన ఏనాడూ నమ్రుంగ్ పైకి ఎక్కలేదని నీకూ తెలుసు. ఆయన్ని నేనే పంపా. నువ్వు ఏ సర్దార్ మీద చెయ్యెత్తుతావో, ఏ పోలీసు ఠాణాలో తేలతావో అని నాకు నిద్ర పట్టేది కాదు. వాణ్ణి కనిపెట్టి ఉండు, ఒక్క రోజు కూడా వాణ్ణి కళ్ళముందు నుంచి పోనీయకు అని బయల్దేరే ముందు ఆయన చేత మాట తీసుకున్నా. నీ ఒట్టుల సంగతి నువ్వు రాశావు. నా ఒట్టు ఇది.

ఛోడెన్ ఏం చెప్పిందో రాస్తున్నా. మీరు వెళ్ళిన మర్నాడు ఆవిడ నీళ్ళు తేవడానికి వెళ్ళొచ్చేసరికి పొయ్యి పక్కన ఆయన లేడు. కిందికి దిగి ఉంటాడని ఆవిడా అల్లుడూ కింది దారిలో చాలాసేపు వెతికారు. ఆయన పైదారిలో దొరికాడు. ఊరికి పైనున్న పాత సంతమైదానం దాకా, మీరు వెళ్ళిన అడుగుల వెంట, కనుమ వైపు నడిచాడు. నోట్లోంచి నురగ వస్తోందట. వెనక్కి మోసుకొస్తుంటే మన భాషలో ఒకటే మాట అంటున్నాడట. ఛోడెన్‌కి అది అర్థం కాలేదు, నాకు అచ్చం అలాగే పలికి చూపించింది. "వాడు ముందు పోయాడు."

దిగి ఉంటే బతికేవాడు. ఎక్కాడు. ఎక్కమన్నది నేను.

ఐతీమాయ

లప్సీబోట్, మార్గశిరం 18. ఇంటికొచ్చి చూస్తే నీ రెండో ఉత్తరం ఉంది. దీన్నీ దానికి జవాబునీ కలిపి పంపుతున్నా. ఎవరూ నోరు తెరవలేదు అని రాశావు. ఎవరూ అంటే ఎవరు?

*

బేసీసహర్,
మార్గశిరం 27

అక్కా,

ఎవరూ అంటే నేను.

సమ్‌డో వాకిట్లో రణధ్వజ్ అందరి ముందూ నన్నే అడిగాడు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఈసారి కల్పించలేదు. "ఏం కాంఛా, నీ బుట్ట వీళ్ళు పంచుకుంటే మీ బావని నువ్వే దించుకుపోవచ్చు. నీ ఒట్టు నువ్వే తీసెయ్. అడుగు వీళ్ళని" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. నన్ను అందరి ముందూ వంచాలనే అన్నాడు. ఒక్క మాట అంటే చాలు. పదిమందీ నా ముఖంలోకే చూస్తున్నారు. చేతులు అప్పటికే ముందుకు చాపి ఉన్నారు, అది నేను చూశాను. ఒట్టు నాలుగు రోజులకే తీసేస్తే సర్దార్ నవ్వుతాడు, రేపటినుంచి మళ్ళీ మా వీపుల మీద తన ఇష్టమే అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను. బర్రె దొరకడం నీ పని, మా పని కాదు అని అతనితో అన్నాను. ఎంత బాగా అన్నానో అని కూడా అనిపించింది.

లోపలికి వెళ్ళి బావకి చెప్పాను, నాలుగు రోజుల్లో తిరిగొస్తానని. బావ నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. బయట సర్దార్ ఈల వేస్తున్నాడు. బావ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. చిటికెన వేలు రెండుసార్లు విప్పాల్సి వచ్చింది.

నీ ఉత్తరం చదివాక నువ్వు చెయ్యని తప్పు నీ మీద వేసుకున్నావని తెలిసింది. కనిపెట్టి ఉండమని చెప్పడం తప్పు కాదక్కా. కనిపెట్టి ఉండాల్సినవాణ్ణి నేను వదిలేసి పోయాను, అందుకే ఆయన నా వెంట నడవాల్సి వచ్చింది.

కర్ర మీద కుంటుకుంటూ ఇక్కడికి వచ్చాను. బృందాన్ని పంపిన కంపెనీ మనిషి ఇక్కడ ఒక గదిలో కూర్చుంటాడు. అతని ముందు బల్ల గుద్ది మాట్లాడాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. అతను నాకు టీ తెప్పించాడు. ఎంతో మర్యాదగా విన్నాడు. జబ్బు చేసిన కూలీని తోడిచ్చి పంపినట్టు తమ దగ్గర సర్దార్ రాసిచ్చిన కాగితం ఉందనీ, అబద్ధమని తేల్చాలంటే తోడు వెళ్ళినవాడు వచ్చి వెళ్ళలేదని చెప్పాలనీ అన్నాడు. తోడు వెళ్ళినవాడి పేరు ఏమిటని అడిగాను. కాగితం తిప్పి చూపించాడు. నా పేరే ఉంది. వెళ్ళలేదని నేనే చెప్పాలి, బల్ల గుద్దలేకపోయాను. ఆ టీ తాగేశాను కూడా.

రణధ్వజ్‌ని నిన్న బస్సుల దగ్గర పట్టుకున్నాను. రాయి తీశాను. అతను పరిగెత్తలేదు. "నాది తప్పే. అబద్ధం రాశాను. గుర్రం మీదివాణ్ణి కూడా దించలేదు. కొట్టు" అన్నాడు. తర్వాత, "నీది ఎవరితో చెప్పుకుంటావురా?" అని అడిగాడు. రాయి చేతిలోనే ఉంది. ఎంతసేపని పట్టుకుంటాను, కింద పెట్టేశాను.

నేను ఊరికి రాను. బావకి కర్మ, ఘేవా, పెట్టుకుంటారు కదా, నేను రాకపోయినా జరిపించెయ్యండి. మేనత్త ముఖం చూడలేను. డోల్మా నా మెడకి వేలాడుతుంది, ఆ పిల్ల చేతులు నేను మళ్ళీ విప్పలేను.

సంతబీర్

*

లప్సీబోట్,
పుష్యం 5

కాంఛా,

మొత్తం చదివా. అత్తకీ చదివి వినిపించా, ఒక్క ముక్క వదలకుండా. ఆవిడ చాలాసేపు రాగులు చెరుగుతూనే ఉంది. తర్వాత ఒక్కటే అడిగింది, "వాడి కాలివేళ్ళు నయమయ్యాయా?" అని.

నీ మీద కోపం ఉంది. నువ్వొచ్చినా ఉంటుంది. ముసలిదాన్నయ్యాక కూడా ఉంటుందేమో. దాన్ని చల్లార్చుకోడానికి నిన్ను రమ్మనడం లేదు.

లామా ఘేవాకి రోజు చెప్పాడు, పుష్యం ఇరవై నాలుగు. నువ్వు రాకపోయినా జరిపించెయ్యండి అని రాశావే, తామాంగ్ ఇంట్లో పుట్టి నీ పసుపు పుస్తకాలు తప్ప ఏమీ చదువుకోలేదా? పోయినవాడి బట్టలు వాకిట్లో మనిషిలా నిలబెట్టాక దాని భుజం మీద కొత్త గుడ్డ వెయ్యాల్సింది ఎవరు? భార్య తోడబుట్టినవాడు. ఆ గుడ్డ పడేదాకా లామా పుస్తకం విప్పడు. పుస్తకం విప్పేదాకా పోయినవాడికి దారి తెలియదు. మన నాన్నకి మేనమామ కోసం రెండు రోజులు ఆగాం, గుర్తులేదా? నాకు నువ్వు తప్ప ఇంకో తమ్ముడు లేడు. పెద్దనాన్న కొడుకుల చేత వేయిస్తానని అత్తతో అన్నా. ఆవిడ ససేమిరా అంది. తన కొడుకు ఎవరి వెనక నడిచాడో వాడే వచ్చి వెయ్యాలి, లేకపోతే ఆ కనుమ దారిలోనే తిరుగుతూ ఉంటాడు అంది.

నువ్వు రాకపోతే నేనేమీ చెయ్యలేను. నిన్ను ఈడ్చుకురాలేను, కంపెనీవాడి గదికి రాలేను, ఇంకో తమ్ముణ్ణి కనమని పోయిన అమ్మనీ అడగలేను. బట్టలు కట్టి నిలబెట్టి, నీ కోసం చూస్తూ కూర్చుంటా.

నీలం చొక్కా ఛోడెన్ ఉతికి ఇచ్చింది. నీ పాత కోటు కూడా.

ఐతీమాయ

ఆయనతో నడిచినవాళ్ళకి కబురు పెట్టాల్సింది కూడా నువ్వే. సర్దార్‌ని పిలవాలో వద్దో నాకు తెలియడం లేదు, నువ్వే తేల్చు.

*

గోర్ఖా బజారు,
పుష్యం 13

అక్కా,

గుడ్డ తీసుకున్నాను. నడవగలిగినంత నడుస్తున్నాను, రోజుకి ఒక కొండ కంటే ఎక్కువ పడటం లేదు. వస్తున్నాను. దీనితో ఉన్న కాగితం పదిమందికీ, పదకొండోదిగా రణధ్వజ్‌కీ పంపాను. నీకూ ఒకటి ఉండాలని మళ్ళీ రాశాను. పిలవాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. అతన్ని పిలవకపోతే నన్నూ పిలవకూడదు.

సంతబీర్

సుక్రామ్ ఘిసింగ్‌తో కార్తీకంలో బరువు మోసిన పదిమందికీ, సర్దార్ రణధ్వజ్ ఘలేకీ:

సుక్రామ్ చనిపోయాడు. మనం కనుమ దాటిన మర్నాడే, సమ్‌డోలో, తెల్లవారుజామున. కొందరికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తూ ఉండొచ్చు. కిందికి దించి ఉంటే బతికేవాడు. దించడానికి వెళ్ళాల్సినవాణ్ణి నేను, వెళ్ళలేదు. మీరు చేతులు చాపారు, నేను బుట్ట ఇవ్వలేదు.

ల్హోలో మీ చేత వేయించిన ఒట్టుని తీసేస్తున్నాను. ఎప్పుడు తీసెయ్యాలో అప్పుడు తీసెయ్యలేదు. ఇప్పుడు తీసేస్తే ఎవరికీ ఒరిగేది లేదని తెలుసు. అయినా దాని కింద ఇంకెవరూ ఉండకూడదు. మన వీపుల సంగతి, బూట్ల సంగతి, అబద్ధపు కాగితాల సంగతి మాట్లాడుకోవాలి, తప్పకుండా మాట్లాడుకోవాలి. నేను ముందు నిలబడి మాట్లాడను. మీలో ఎవరైనా మొదలుపెడితే వెనక కూర్చుని వింటాను.

ఇప్పుడు అడుగుతున్నది అది కాదు. ఘేవాకి సుక్రామ్ ఇంటి వాకిట్లో అతని బట్టలు నిలబెట్టి ఉంటాయి. వాటి భుజం మీద గుడ్డ వెయ్యాల్సింది నేను. ఒక్కణ్ణే ఆ వాకిట్లోకి నడవలేను. ఎన్నిసార్లు ఊహించుకున్నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోతున్నాయి. నా వెనక మీరు ఉంటే నడవగలనేమో.

జెండాలు వద్దు, నినాదాలు వద్దు. చేతనైతే దీపానికి కాస్త వెన్న తీసుకురండి. లేకపోతే ఉత్త చేతులతో రండి. రణధ్వజ్ ఘలే వస్తే ఎవరూ అతని దారికి అడ్డం నిలబడకండి.

పుష్యం ఇరవై నాలుగు, ఉదయం ఎనిమిది గంటలకి, లప్సీబోట్‌లో ఘిసింగ్‌ల ఇంటి కింద, దారి మలుపు తిరిగే చోట గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటాను. మీరు వచ్చేదాకా పైకి ఎక్కను. రండి.